తాళమున్న వడ్డాణం

సొంత ఊరే పుణ్యవతి పరువు తీసింది.

విశాఖపట్నంలోని పరిశోధనశాలలో ఆ సోమవారం ఉదయం అందరూ తెర ముందు చేరారు. తీరం వెంబడి పల్లెల్లో కిడ్నీ జబ్బున్నవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఇచ్చిన పట్టీలు ఎలా పనిచేస్తున్నాయో ఊరివారీగా చూపించే తెర అది. పట్టీకి కాగితాల మీద ‘జీవశోధి’ అని పేరు. చూడ్డానికి బెత్తెడు వెడల్పున్న మెత్తని నడికట్టు. లోపల జిగురులాంటి పదార్థంలో, రోగి ఒంట్లోంచే తీసి పెంచిన మూత్రపిండ కణాలు బతుకుతుంటాయి. నడుముకి కట్టుకుంటే చర్మం కింది నీటిలోంచి మలినాన్ని లాగి, పక్కనుండే చిన్న సంచిలోకి వదిలేస్తాయి. సూది పోటు లేదు, డయాలసిస్ మంచం లేదు, వారంలో మూడు రోజులు బస్సెక్కి ఆసుపత్రికి పోయే తిప్పలు లేవు. ఆ కణాలు జిగురులో చావకుండా ఉండే ఉపాయం కనిపెట్టింది పుణ్యవతే. వాళ్ళ ఇంటిపేరున్న వాళ్ళలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. తల్లి జబ్బుకి మందు వెతుకుతూ చదివిన చదువు అది.

“ఏమ్మా, మీ మొగలిదిబ్బవాళ్ళకి నీ మీద పాత పగలేమైనా ఉన్నాయా?” అన్నారు ప్రొఫెసర్ కృపావరం, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ.

మిగతా ఊళ్ళలో ‘కోలుకున్నవారి’ సంఖ్య నెలనెలా పెరుగుతోంది. మొగలిదిబ్బలో మాత్రం పట్టీలిచ్చిన కొత్తలో ఇద్దరు కోలుకున్నట్టుంది. ఆ తరవాత ఒక్కరూ కోలుకోలేదు. ఒక్కరికీ జబ్బు ముదరలేదు. ఊరు ఊరంతా గీతకి కాస్త పైన, సిగ్నలు దగ్గర ఆగిపోయిన గూడ్సుబండిలా నిలబడిపోయింది.

ఆ గీత పథకంవాళ్ళది. రక్తంలో మలినం గీత దాటితే రోగి, పట్టీ వస్తుంది. గీత కిందికి దిగితే కోలుకున్న మనిషి. పట్టీకి తాళం పడుతుంది. పట్టీలు కంపెనీ నుంచి అద్దెకి తెచ్చినవి కాబట్టి, బాగున్నవాడి నడుము మీద పట్టీకి ప్రభుత్వం అద్దె కట్టదు.

“వచ్చే వారం విజయవాడలో ధరల కమిటీ,” అన్నారు కృపావరం. “ఏ వైద్యాన్ని పథకంలో ఉంచాలో, దేన్ని తీసెయ్యాలో తేల్చేది వాళ్ళే. ఈ ఒక్క ఊరిని చూపించి, పట్టీ సగమే పనిచేస్తోంది, డబ్బు దండగ అంటున్నారు. మీ ఊరే కదా, వెళ్ళి చూసిరా. నీళ్ళలో తేడానో, జిగురులో తేడానో కనుక్కో.”

పుణ్యవతి నీళ్ళకోసం సీసాలు, చెమటకోసం దూది, జిగురు కోసం గాజుపలకలు సర్దుకుని బస్సెక్కింది. దారి పొడుగునా తన ప్రయోగంలో ఎక్కడ తప్పు జరిగిందో తవ్వుకుంటూనే ఉంది. సోంపేట దాటి, ఆటో మారి, జీడితోటల మధ్య ఇసక బాటలో ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది.

తల్లి తవిటమ్మ వాకిట్లో జీడిపిక్కలు ఎండబోస్తోంది.

“ఒచ్చినావేటే? ముందు కబురెట్టొద్దూ? కూరేటీ లేదు ఇంట్లో.”

పుణ్యవతి చూపు తల్లి నడుము దగ్గరే ఆగిపోయింది. ఊళ్ళోవాళ్ళు పట్టీని వడ్డాణం అంటారు. ‘కూలోళ్ళకి సర్కారు వడ్డాణాలు సేయించిపెట్టింది’ అని మొదట్లో ఒకటే నవ్వులు. ఇప్పుడు తవిటమ్మ నడుము మీద చీర కుచ్చెళ్ళు తప్ప ఏమీ లేవు.

“వడ్డాణం ఏదమ్మా?”

“ఒచ్చీరాగానే నడుం సూత్తావేటే, పెళ్ళిసూపులకొచ్చిన అత్తలాగ.”

“అమ్మా!”

“ఉతికి ఆరేసినాను.”

“అది ఉతికేది కాదే! సబ్బు తగిలితే కణాలు చచ్చిపోతాయి.”

“సచ్చిపోవులే. నీ కణాలు నా కన్నా మొండివి. కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను.”

పెరట్లో తీగ మీద రెండు చీరలు, ఒక దుప్పటి ఉన్నాయి. వడ్డాణం లేదు. పుణ్యవతి ఎంత గద్దించినా తవిటమ్మ ఆ మాట తప్ప అన్నీ మాట్లాడింది. పులుసులో చింతపండు ఎక్కువైందంది. సైన్సు చదివినదానికి పెళ్ళి ఊసెందుకు రాదంది. పొద్దు వాలే వేళకి గభాలున లేచి పెరట్లోకి నడిచింది. పుణ్యవతి వెనకే వెళ్ళింది.

పెరటి దడి మీద ఆకుపచ్చ తువ్వాలు మూట ఒకటి ఉంది. దడికి అవతల ఒక ఆడమనిషి ఇటు చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోతోంది. తవిటమ్మ మూట విప్పి, వడ్డాణం తీసి, మారుమాట లేకుండా నడుముకి కట్టుకుంది.

పుణ్యవతి ఆ మనిషిని గుర్తుపట్టింది. ఆ వెళ్ళిపోయిన మనిషి చామంతమ్మ. సరిహద్దు మీది పనసచెట్టు ఎవరిదన్న తగువులో, పుణ్యవతి హైస్కూల్లో ఉండగానే తల్లికీ ఆవిడకీ మాటలు తెగిపోయాయి. 

“ఆవిడతో నీకు మాటల్లేవు కదే?”

“ఇప్పుడూ లేవు. దాన్తో నానెందుకు మాటాడతాను? వడ్డాణం ఇత్తన్నాను, అంతే.”

“ఒకరి పట్టీ ఒకరికి పనిచెయ్యదమ్మా. దద్దుర్లొస్తాయి.”

“ఒచ్చినాయి మరి! అందరం రామమందిరం అరుగు మీద కూసుని, గాజులమ్మొచ్చినప్పుడు ఏ సేతికి ఏది పడతాదో సూసుకున్నట్టు, ఒకలది ఒకలు కట్టుకుని సూసుకున్నాం. దద్దుర్లొచ్చినోళ్ళు ఇప్పేసినారు. రానోళ్ళు ఉంచుకున్నారు. నాది ఊరంతట్లో ఎవులికి పడినాదో తెలుసా? ఆ మాయదారి సామంతికి. మరేటి సేత్తాను!”

పుణ్యవతి దడి పక్కనున్న రోలు మీద కూలబడింది. కణాలు మరో మనిషి చర్మానికి అలవాటు పడతాయని ఆమె పరిశోధనశాలలో ఎవరూ అనుకోలేదు. ఎవరూ చేసి చూడలేదు. నియమాల ప్రకారం చెయ్యకూడదు కూడా. ఇక్కడ అరుగు మీద కూర్చుని ఊరంతా చేసేసింది.

“ఎందుకమ్మా ఈ పని? రోజంతా కట్టుకుంటే నీకు మలినం పూర్తిగా దిగేది కదా! సగం పూటకి సగమే దిగుతుంది. నువ్వు ఎప్పటికీ ఆ గీత మీదే ఉండిపోతావు.”

“అదే కావాల,” అంది తవిటమ్మ.

“అదేంటి?”

తవిటమ్మ మెట్టు మీద మెల్లగా కూర్చుంది. “మీ డిల్లేసు మాయ ఎలగ పోయినాడో నీకు ఫోన్లో సెప్పినాను గాని, పూర్తిగా సెప్పలేదు. వడ్డాణం ఒచ్చినాక ఆడికి బాగా తగ్గినాది. హెల్తుసెంటర్లో మలినం తూకానికి ఎల్తే, ఆ మిసను ‘అభినందనలు, మీరు కోలుకున్నారు’ అన్నాది. మేం తప్పట్లు కొట్టినాం. ఆడు బెల్లం పంచినాడు. ఆ పూటే వడ్డాణానికి తాళం పడిపోనాది. నెల తిరక్కుండా కాళ్ళు పొంగినాయి. మళ్ళీ దరకాస్తెట్టినాడు, మళ్ళీ ఇచ్చినారు, మళ్ళీ తగ్గినాది, మళ్ళీ అభినందనలు. మూడోపాలి మంజూరైందని కబురొచ్చేసరికి ఆడి దినం బోజనాలు కూడా అయిపోయినాయి.” తవిటమ్మ వడ్డాణం మీద చెయ్యి వేసుకుంది. “అప్పుడే అందరం ఒట్టేసుకున్నాం. ఈ ఊళ్ళో ఎవులూ కోలుకోకూడదని.”

కొత్తలో కోలుకున్న ఆ ఇద్దరూ ఎవరో పుణ్యవతికి ఇప్పుడర్థమైంది. ఇద్దరు కాదు. ఢిల్లేశ్వరరావు మామయ్యే, రెండుసార్లు. ఆ లెక్కన మిగతా ఊళ్ళ తెర మీద నెలనెలా పెరుగుతున్న కోలుకున్నవాళ్ళెవరు? ఎంతమంది మళ్ళీ మళ్ళీ లెక్కకొచ్చినవాళ్ళు? ఎంతమంది లెక్కలోంచి జారి గోతిలోకి పోయినవాళ్ళు?

మర్నాడు ఉదయం తను తెచ్చుకున్న సీసాలూ పలకలూ తిరిగి సర్దేస్తుంటే, చామంతమ్మ దడి దగ్గరికి వచ్చింది. ముఖం కాస్త ఉబ్బి ఉంది. తవిటమ్మ గుమ్మంలోనే నిలబడి పొయ్యి వైపు తిరిగింది.

“ఏమ్మా పుణ్యా, మమ్మల్ని పట్టించేత్తావేటి?”

“పట్టించడం కాదత్తా. చెప్పకపోతే పట్టీ పనికిరాదని పథకంలోంచే తీసేస్తారు. అప్పుడు ఎవరికీ ఉండదు. చెబితే, ఒకరి పట్టీ ఇంకొకరు కట్టుకున్నారని తప్పు పడతారు. ఏం చెయ్యమంటారు?”

“నన్నడుగుతావేటి? నాది గీతకి ఎంటిక వాసి తక్కువని సర్వే నాడే తోసేసినారు. నాకు పట్టీయే లేదు. మీయమ్మకి సెప్పు, దాని సొమ్ము దానికి ఉండిపోవాలంటే నానడ్డు రానని.”

“దానికి సెప్పవే,” అంది తవిటమ్మ పొయ్యితో, “నా సొమ్ము ఎవులికివ్వాలో నాకు తెలుసునని.”

“మీయమ్మకి సెప్పు, పనసచెట్టు గురించి కూడా అలాటి బుద్దే ఉంటే బాగుణ్ణని.”

“దానికి సెప్పు, చెట్టు ఊసెత్తితే రేపట్నించి తువ్వాల్లో ఇటికముక్క కట్టి ఇత్తానని!”

అంతకు మించి ఇద్దరికీ ఊపిరి అందలేదు. చామంతమ్మ దడి పట్టుకుని రొప్పింది. తవిటమ్మ గుమ్మానికి చేరబడింది. ఒకప్పుడు వీళ్ళిద్దరి తగువు మొదలైతే పాతిక గడపల అవతలికి వినపడేది. పుణ్యవతి పదో తరగతి పరీక్షలు చెవుల్లో దూది పెట్టుకుని చదివింది.

“తగువులాడ్డానికీ ఓపికుండాలమ్మా,” అంది చామంతమ్మ వెళ్ళిపోతూ.

విజయవాడలో కమిటీ గది చల్లగా ఉంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ మర్యాదస్థులు. ఆర్థిక సలహాదారు నందకిశోర్ లేచి మరీ పుణ్యవతికి కుర్చీ చూపించాడు. అరిచేవాళ్ళనీ అవమానించేవాళ్ళనీ ఎలా ఎదుర్కోవాలో ఆమె రైల్లో కూర్చుని సాధన చేసుకుంది. మర్యాదగా వినేవాళ్ళతో ఏం చెయ్యాలో సాధన చెయ్యలేదు.

కృపావరం గారు ముందే అన్నారు, “ఉన్నదున్నట్టు చెప్పెయ్యమ్మా. మనకి వేరే విద్య రాదు” అని. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. మొగలిదిబ్బలో పట్టీ సగమే పనిచెయ్యడం కాదు, ఇద్దరి మీద పూర్తిగా పనిచేస్తోంది. ఎందుకు పంచుకుంటున్నారో చెప్పింది. గీత ఎత్తెయ్యమంది.

నందకిశోర్ శ్రద్ధగా విన్నాడు. “చాలా సంతోషం మేడమ్. అంటే పట్టీ కట్టుకుంటే కోలుకుంటారు.”

“కట్టుకున్నంత కాలం బాగుంటారండీ. మీరు కళ్ళజోడు పెట్టుకుంటే కనిపిస్తుంది. కనిపిస్తోంది కదా అని కళ్ళజోడు లాగేసుకుంటే ఎలా?”

“మంచి పోలిక.” అతను పక్కనున్న గుమస్తా వైపు తిరిగాడు. “ఇది మినిట్స్‌లో రాయండి.”

“ఢిల్లేశ్వరరావు అనే ఆయన మా ఊళ్ళో రెండుసార్లు కోలుకున్నారు.”

“ఔను. రెండు కోలుకోవడాలు. లెక్కలో ఉన్నాయి.”

“ఆయన చచ్చిపోయారండీ.”

నందకిశోర్ ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. “పథకంలో ఉండగానా?”

“కాదు. తాళం వేశాక. మళ్ళీ పెట్టుకున్న దరఖాస్తు వరుసలో ఉండగా.”

“అయితే అది మా లెక్కలోకి రాదు మేడమ్,” అన్నాడతను, చాలా మెత్తగా.

పుణ్యవతికి అరికాలి మంట నెత్తికెక్కింది. బల్ల మీది మంచినీళ్ళ సీసా మూత తీసి, తాగకుండానే మళ్ళీ పెట్టేసింది.

“మీరు నన్ను రాక్షసుణ్ణనుకుంటున్నారు,” అన్నాడు నందకిశోర్. “నా దగ్గరున్న డబ్బు ఇంతే. ఒక మనిషికి జీవితాంతం అద్దె కడితే, బయట వరుసలో ఉన్న పదిమందికి నేనేం జవాబు చెప్పను? కోలుకున్నవాడు దిగితేనే కదా ఇంకొకడు ఎక్కేది!”

“బస్సు సీటు కాదు కదండీ! దిగినవాడు ఇంటికి పోవడం లేదు, కాటికి పోతున్నాడు. అసలు ఆ అద్దె ఎందుకంతుందో ఎప్పుడైనా అడిగారా? కణాలు, జిగురు, గుడ్డ, సంచి అన్నీ కలిపితే మా అమ్మ ఏడాదికోసారి కొనుక్కునే చీర ఖరీదు కూడా కాదు. ఆ పట్టీలో అన్నిటికంటే ఖరీదైన సరుకు తాళం. ఎవడి పేరున ఉంది, ఎంత దిగింది, ఎప్పుడు ఆపాలి అని కాపలా కాసే ఆ చిన్న పెట్టె. అది తీసెయ్యండి. వరుసలో ఉన్నవాళ్ళందరికీ వస్తాయి.”

బల్ల చుట్టూ ఇద్దరు ముగ్గురు కాగితాల మీద ఏదో రాసుకున్నారు. పుణ్యవతికి ఆశ పుట్టింది.

“అది టెండరు విషయం,” అంది బల్ల చివర కూర్చున్న ఒకావిడ, జాలిగా. “ఈ కమిటీ పరిధిలోకి రాదమ్మా.”

టీ వచ్చింది. టీ అయ్యాక నిర్ణయం వచ్చింది. జీవశోధి అద్భుతంగా పనిచేస్తోంది కాబట్టి పథకంలో కొనసాగుతుంది. పట్టీలు చేతులు మారకుండా, సొంతదారు ఒంటిని గుర్తుపట్టే కొత్త తాళం బిగించాలి. ఆ తాళం ఇంటి దగ్గరే తనంతట తను తూకం వేసుకుంటుంది కాబట్టి రోగులకి ప్రయాణం ఖర్చు కూడా తగ్గుతుంది. గీత అలాగే ఉంటుంది. అజ్ఞానంతో చేసినందుకు మొగలిదిబ్బ వాళ్ళని ఈసారికి మన్నించారు. పుణ్యవతి నిజాయితీని మెచ్చుకుంటూ ఒక వాక్యం కూడా రాశారు.

కృపావరం గారు మెట్లు దిగుతూ ఆమె సంచి తన చేతిలోకి తీసుకున్నారు.

కొత్త తాళాలు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. మందులు రావడానికి పట్టే కాలం తాళాలకి పట్టదు. తవిటమ్మ నడుము మీదిది ఇప్పుడు రాత్రింబవళ్ళు ఆమెదే. తీసి మరొకరి నడుముకి కడితే చీమంత ఎర్రదీపం వెలిగి ఊరుకుంటుంది. విప్పి పక్కన పెడితే వాడడం లేదని వెనక్కి పట్టుకుపోతారు. తవిటమ్మ కాళ్ళ వాపు తగ్గింది. ముద్ద రుచి తెలుస్తోంది. ఫోన్లో గొంతు కూడా గట్టిపడింది, ఆ గట్టి గొంతుతోనే కూతుర్ని దులిపేసింది.

“సదూకున్నదానివి, నిజం సెప్పినావు. బాగున్నాది. ఆ సామంతి పెరట్లోకి రాడం మానేసినాది. నిన్న కిటికీలోంచి సూత్తే మంచం మీంచి లెగనేదు. దాని దరకాస్తు సంగతేటైనాది?”

“గీత దాటింది కదా, పెట్టించానమ్మా. ఇంకా పరిశీలనలో ఉందంటున్నారు.”

“పరిసీలనంటే?”

“చూస్తున్నారని.”

“నానూ సూత్తన్నాను కిటికీలోంచి. సూత్తే తగ్గిపోద్దేటి?” ఒక్క క్షణం ఆగింది. “నాకేటి, దాన్తో నాకు మాటల్లేవు. కానీ పొద్దు వాలేసరికి సెయ్యి దానంతటదే తువ్వాలు కోసం ఎల్లిపోతన్నాది.”

ఆ శుక్రవారం పుణ్యవతి కణాల గదిలో ఉంది. ప్రతి రోగి పేరునా కొన్ని కణాలు పెంచి ఉంచుతారు. మిగిలినవాటిని శుక్రవారం బ్లీచింగు నీళ్ళలో పోసేస్తారు. తవిటమ్మ పేరున్న గాజుపళ్ళెంలో కణాలు పలచని మీగడలా పరుచుకుని ఉన్నాయి. ఊరంతట్లో చామంతమ్మ ఒంటికి పడేవి అవే. రామమందిరం అరుగు మీద అప్పుడే తేలిపోయింది.

ఆమె ఉద్యోగంలో చేరినప్పట్నుంచి ఒక్క నియమమూ దాటలేదు. చేతి తొడుగులు ఒకసారికి మించి వాడలేదు. సెలవు చీటీ లేకుండా సెలవు పెట్టలేదు. మొదటి తరం చదువు కదా, ఎక్కడ తప్పు చేస్తే ఎవరు ‘మీకెందుకమ్మా ఈ చదువులు’ అంటారోనని ఒళ్ళు దగ్గర పెట్టుకుని బతికింది. ఒక చేతిలో పళ్ళెం, ఎదురుగా బ్లీచింగు తొట్టి. 

తొట్టి మీద మూత పెట్టేసింది. పళ్ళెం బల్ల మీదికి తెచ్చి జిగురు కలపడం మొదలుపెట్టింది.

కృపావరం గారు తలుపు తోసుకుని వచ్చారు. జిగురు చూశారు, గుడ్డ చూశారు, తాళం పెట్టె బిగించాల్సిన చోట ఆమె వేస్తున్న మామూలు చీర హుక్కుల వరుస చూశారు.

“ఈ గదిలో ఏసీ సరిగ్గా లేనట్టుంది,” అన్నారాయన. “కిందికెళ్ళి మెకానిక్కుని వెతికి తీసుకొస్తాను. దొరకడం కష్టం. సాయంత్రం దాకా పట్టొచ్చు.”

తలుపు దగ్గర ఆగి, “ఉష్ణోగ్రత చూసుకో,” అని వెళ్ళిపోయారు.

పుణ్యవతి దాన్ని టిఫిను క్యారేజీలో పెట్టుకుని ఊరికి తీసుకెళ్ళింది. చామంతమ్మ మంచం మీదే ఉంది. ముఖమంతా వాచి, కళ్ళు సన్నగీతల్లా ఉన్నాయి. పుణ్యవతి ఆవిణ్ణి పక్కకి ఒత్తిగిలేలా పట్టుకుని నడుముకి కట్టి, హుక్కులు పెట్టింది.

“ఇది ఎప్పుడు ఆగిపోద్ది?” అంది చామంతమ్మ, కళ్ళు తెరవకుండానే.

“ఆగదత్తా. దీనికి తాళం లేదు. ఎవరికీ చూపించకండి.”

“ఎవులి కణాలివి?”

పుణ్యవతికి చెప్పక తప్పలేదు.

“ఓర్నాయనో,” అంది చామంతమ్మ. ఆ నీరసంలోనే ఆవిడ పెదవుల మీదికి నవ్వులాంటిది వచ్చింది. “అదిప్పుడు నా నెత్తినెక్కి కూసుంటాది.”

పనసపళ్ళు ముదిరే కాలానికి పుణ్యవతి మళ్ళీ ఊరికి వచ్చింది. చామంతమ్మ దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉంది. ఆటో దిగి ఇసక బాట ఎక్కగానే ఏదో గోల వినపడింది. గబగబా నడిచింది. ఇల్లు దగ్గరపడే కొద్దీ మాటలు తెలిశాయి.

“మొదలు నా పెరట్లో ఉన్నాదా, లేదా? మొదలున్నోళ్ళది చెట్టు!”

“మొదలు నీదైతే కొమ్మ నా మీదికెందుకొచ్చినాది? పిలిసినానేటి? నా మీదికొచ్చిన కాయ నాదే!”

“ఒలే సామంతీ, నా ఒంటి ముక్క నీ నడుముకి కట్టుకుని, నన్నే తిడతావేటే!”

“నీ ఒంటి ముక్క కాబట్టే తిట్లు ఇంత బాగొత్తన్నాయే! నా సొంతానికి ఇన్ని రావు!”

దడికి ఇటు తవిటమ్మ, అటు చామంతమ్మ, మధ్యలో దడి మీదికి వాలిన ఓ పెద్ద పనసకాయ. ఇద్దరి కొంగులూ నడుముల్లో దోపి ఉన్నాయి. ఎవరికీ ఆయాసం లేదు. వీధిలో జనం అరుగుల మీద చేరి వింటున్నారు. పుణ్యవతి పెరటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఏ తెర మీదా కనపడని ఫలితం అది. కాసేపు అలాగే నిలబడి విని, ఇన్నాళ్ళకి మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

“నీలాంటిదానికి వడ్డాణం ఇచ్చినందుకు నన్ను నాను...” అని తవిటమ్మ చెయ్యెత్తి మొదలుపెట్టింది. అంతలో ఆమె నడుము దగ్గర్నుంచి చిన్న పాట వినపడింది. పాట తరవాత మెత్తని ఆడగొంతు.

“అభినందనలు! మీరు కోలుకున్నారు. మీ ఆరోగ్యవంతమైన భవిష్యత్తుకి మా శుభాకాంక్షలు.”

టిక్కుమని తాళం పడింది.

తవిటమ్మ ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అరుగుల మీది జనం లేచి నిలబడ్డారు. ఒక్కరూ తప్పట్లు కొట్టలేదు. పుణ్యవతి పరుగున వెళ్ళి తల్లి నడుము తడిమింది. ఎర్రదీపం. దరఖాస్తు, వరుస, పరిశీలన అన్నీ మళ్ళీ మొదటినుంచీ. వచ్చే శుక్రవారం దాకా గదిలో కణాలు లేవు. ఆ తరవాత జిగురు గట్టిపడాలి. ఈలోగా...

“అమ్మా, కంగారు పడకు. నేను ఇంకోటి చేస్తాను. కొన్నాళ్ళు పడుతుంది, అంతే. ఈ ఊరందరికీ...” ఆమె వేళ్ళ మీద ఊళ్ళోవాళ్ళని లెక్కపెట్టబోయి ఆగిపోయింది. ఎంతమందికని చేస్తుంది? ఒక గాజుపళ్ళెం, ఒక శుక్రవారం, ఒక టిఫిను క్యారేజీ!

దడికి అవతల చప్పుడైంది. చామంతమ్మ అటు తిరిగి హుక్కులు విప్పుకుంటోంది. ఒక్కొక్కటే విప్పి, వడ్డాణాన్ని తీసి, భుజం మీది ఆకుపచ్చ తువ్వాల్లో చుట్టి, పనసకాయ పక్కన దడి మీద పెట్టింది.

తవిటమ్మ దాని వంక చూస్తూ నిలబడింది గానీ చెయ్యి చాపలేదు.

“ఇంద, కట్టుకో,” అంది చామంతమ్మ. “రేపు పొద్దున్న నాకిచ్చీ. మిగిలిన తిట్లు అప్పుడు తిడతాను.”